నమూనా తీయకుండా పోయిన నెల

(చెన్నైలో తెలుగు వైద్యులు, నర్సులు, ల్యాబ్ ఉద్యోగులు కలుసుకున్న ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ఇక్కడికి వచ్చినవారిలో సగానికి పైగా ఆసుపత్రుల్లో పనిచేస్తున్నవారే కనుక, నేను చెప్పబోయే విషయానికి శ్రోతలూ మీరే, ముడిసరుకూ మీరే. మాట కొంచెం మోటుగా ఉంటే మన్నించండి. ఆసుపత్రి సిబ్బందికి ఏ ఇన్ఫెక్షన్ ఎప్పుడు, ఏ వార్డులో, ఏ పని చేస్తుండగా సోకుతున్నదో ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చే ఒక చిన్న అధ్యయనం ఈ నగరంలో నడుస్తున్నది; ఆ బృందంలో నేనూ ఉన్నాను. ఫలితాలు చెప్పమని నన్నెవరూ పిలవలేదు. వచ్చే ఏడాది డబ్బు వస్తుందో రాదో తెలియని స్థితిలో దాన్ని ఎలా లాక్కొస్తున్నారో చెప్పమన్నారు. అది చెప్పడానికి నాకు అర్హత ఉంది, ఎందుకంటే ఆ పనిలో చేయదగ్గ తప్పులలో చాలావరకు మేము చేసే ఉన్నాము.

ఏళ్ల తరబడి ఎందుకు, ఒకసారి అందరికీ రక్తపరీక్ష చేసి లెక్క తేల్చేస్తే చాలదా అని అడిగేవారు ఉంటారు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో సైరన్ అనే అధ్యయనం మొదలైంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే నలభై వేల మందికి పైగా అందులో చేరారు. వారికి రెండు వారాలకోసారి పీసీఆర్ పరీక్ష చేసేవారు, యాంటీబాడీల కోసం, అంటే క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే రక్షక పదార్థాల కోసం, మళ్లీ మళ్లీ రక్తం తీసేవారు. ఒకసారి కోవిడ్ వచ్చిపోయినవారికి మళ్లీ సోకే ప్రమాదం 84 శాతం తక్కువగా ఉన్నదని 2021లో ఆ అధ్యయనం చెప్పింది. మరుసటి సంవత్సరం అదే అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. అంతకుముందు కోవిడ్ రానివారిలో, ఎడం ఎక్కువగా ఇచ్చి వేసిన రెండు డోసుల ఫైజర్ టీకా మొదటి రెండున్నర నెలల్లో ఇన్ఫెక్షన్ నుంచి 85 శాతం రక్షణ ఇచ్చి, సుమారు రెండు వందల రోజుల నాటికి 51 శాతానికి దిగింది. మూడో నెలలో నిధులు అయిపోయి మూటాముల్లె సర్దుకొని ఉంటే వారి చేతిలో 85 అనే అంకె మాత్రమే మిగిలేది, అదే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేది.

మన పక్కనే, పెద్దలు రాయవేలూరు అని పిలిచే వేలూరులో, సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రివారు 2021 రెండో వేవ్ రోజుల్లో తమ సిబ్బంది మీదనే లెక్క చూసి, రెండు డోసులు వేసుకున్నవారికి ఇన్ఫెక్షన్ నుంచి 65 శాతం, ఆసుపత్రిలో చేరవలసి రావడం నుంచి 77 శాతం రక్షణ ఉన్నదని ప్రకటించారు. ఎంతో అవసరమైన సమయంలో వచ్చిన సమాధానం అది. అయితే అది కొద్ది నెలల లెక్క. ఏళ్ల లెక్క కావాలంటే వేరే రకం ఓపిక కావాలి, వేరే రకం ఖాతా పుస్తకం కావాలి.

క్షయ విషయంలో ఆ ఓపిక అవసరం ఇంకా ఎక్కువ. మహారాష్ట్రలో సేవాగ్రామ్‌లోని వైద్య కళాశాల ఆసుపత్రిలో 726 మంది సిబ్బందిని పరీక్షించగా, దాదాపు 40 శాతం మందిలో క్షయ క్రిమి నిద్రాణంగా ఉన్న ఆనవాళ్లు కనిపించాయని 2005లో ప్రచురితమైంది. ఆ నలభై శాతంలో ఎందరికి ఆసుపత్రిలో సోకింది, ఎందరు చిన్ననాడు ఇంట్లోనే తెచ్చుకున్నారు అన్నది ఒక్కసారి చేసిన పరీక్షతో తేలదు. నిరుడు నెగటివ్‌గా ఉన్న మనిషి ఈ ఏడు పాజిటివ్ అయితేనే ఆ మధ్యకాలంలో ఏదో జరిగిందని మనకు తెలుస్తుంది. రెండు పరీక్షల మధ్య దూరం ఎంత పెరిగితే మన అజ్ఞానం అంత పెరుగుతుంది. ఆరు నెలల ఎడంలో సోకిందంటే ఏ వార్డు, ఏ డ్యూటీ అని డ్యూటీ చార్టులు తిరగేసి వెతకవచ్చు. మూడేళ్ల ఎడంలో సోకిందంటే ఆ నర్సమ్మ ఈలోగా నాలుగు వార్డులు మారి, ఒక ప్రసవ సెలవు కూడా తీసుకొని వచ్చి ఉంటుంది.

ఈ ఊరికి ఇది కొత్త విద్య కాదు. చేట్‌పట్‌లో, స్పర్‌ట్యాంక్ రోడ్డు మీద మీరు రోజూ దాటిపోయే క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదట ఐదేళ్ల ప్రాజెక్టుగానే పుట్టింది. అక్కడ 193 మంది రోగులను రెండుగా విభజించి, సగం మందికి శానిటోరియంలో, అంటే క్షయ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలో, సగం మందికి మద్రాసులోని వారి ఇరుకు ఇళ్లలోనే ఒక సంవత్సరం మందులిచ్చి, ఇంటి వైద్యం కూడా దాదాపు అంత బాగానే పనిచేస్తుందని 1959లో చెప్పారు. ప్రపంచమంతటా శానిటోరియంల అవసరాన్నే ప్రశ్నార్థకం చేసిన ఫలితం అది. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం ఆ తర్వాతి భాగం. ఒకే గదిలో రోగితో కలిసి ఉండే భార్య, పిల్లలు, అత్తగారు ఏమవుతారు అన్న భయం అందరిలో ఉండేది. దానికి జవాబు సంవత్సరంలో దొరకదు. ఆ కుటుంబాలను ఐదేళ్లు వెంబడించి, ఇంట్లో వైద్యం చేయించుకున్నవారి బంధువులకు అదనపు ప్రమాదం లేదని తేల్చారు. ఐదేళ్లు ఆ సందుల్లో తిరిగి, ఇల్లు మారినవారి కొత్త చిరునామా పక్కింటివారిని అడిగి రాసుకున్న ఆరోగ్య సందర్శకుల పేర్లు శాస్త్ర పత్రాల పైన కనిపించవు.

ఆ తర్వాత చెంగల్పట్టు జిల్లాలో, క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా పరీక్ష. 1968లో మొదలుపెట్టి 2.8 లక్షల మందికి టీకా గాని ఉత్తుత్తి సూది గాని వేసి, పదిహేనేళ్లు గమనించారు. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపడం లేదని ఏడున్నరేళ్లకే కనిపించింది. ఎవరికీ రుచించని ఫలితం. అక్కడితో ఆపేయడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. అయినా ఆపలేదు. పదిహేనేళ్ల తర్వాత కూడా అదే జవాబు వచ్చింది కాబట్టే ఇవాళ దాన్ని ఎవరూ తోసిపుచ్చలేకపోతున్నారు.

ఇక డబ్బు సంగతి. నిధులు ఆగిపోవడం పేద దేశాల జబ్బు అని మనలో ఒక అపోహ ఉన్నది. అమెరికాలో 1948లో 5,209 మందితో మొదలైన ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనాన్ని 1960ల చివర, ఇరవయ్యేళ్లు నిండాయి ఇక చాలు అని అక్కడి ప్రభుత్వం ముగించబోయింది. దాన్ని నడిపిన డాక్టర్ డాబర్ బోస్టన్ విశ్వవిద్యాలయానికి మారి, ప్రైవేటు చందాలు పోగుచేసి నిలబెట్టారు. 1971లో ఆ తొలితరం వారి పిల్లలను, వారి జీవిత భాగస్వాములను కూడా చేర్చుకోగలిగారు. అదే అధ్యయనానికి 2013లో, అమెరికా ప్రభుత్వం అన్ని శాఖల ఖర్చులూ ఒక్కపెట్టున కోసినప్పుడు, 90 లక్షల డాలర్ల మూల ఒప్పందంలో 40 లక్షలు ఎగిరిపోయాయి. 1976లో 1,21,700 మంది నర్సులతో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనానికి 2025లో అమెరికా ప్రభుత్వం హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి నిధులు రద్దు చేసిన దెబ్బ తగిలినప్పుడు, దాని పెద్దల మొదటి ఆందోళన జీతాల గురించి కూడా కాదు, దశాబ్దాలుగా దాచిన నమూనాల ఫ్రీజర్లకు ద్రవ నత్రజని ఎవరు పోస్తారని. ఆ రద్దు చట్టవిరుద్ధమని ఆ సెప్టెంబరులో కోర్టు చెప్పింది. ఫ్రీజర్ కోర్టు తీర్పు దాకా ఆగదు.

ఇక్కడ మనకు వచ్చే కష్టం అంత నాటకీయంగా ఉండదు. మంజూరు ఉత్తరం ఉంటుంది, డబ్బు ఉండదు. మొదటి సంవత్సరం వాయిదా దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం పంపాలి. దాని మీద ఆర్థిక అధికారి సంతకం కావాలి. ఆయనకు ఆడిట్ అయిన లెక్క కావాలి. ఆడిటరుకు మార్చి 31 దాటాలి. ఈ వలయం తిరిగి రెండో వాయిదా వచ్చేసరికి ఆగస్టు కావచ్చు, దీపావళి కావచ్చు. ఏప్రిల్ నుంచి అప్పటిదాకా అధ్యయనం కాగితం మీద సజీవంగా ఉంటుంది, క్షేత్రంలో ఉండదు. విదేశీ సహకారం మీద ఆధారపడినవారి స్థితి మరో రకం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది, పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ తన వంతుగా 2025 మే నెలలో, తన గ్రాంటు పొందినవారు విదేశీ భాగస్వాములకు పంచే ఉప గ్రాంట్లను కొత్త పద్ధతి వచ్చేదాకా నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. రెండు వైపుల నుంచీ తలుపు మూసుకున్నప్పుడు మధ్యలో ఉన్నవాడికి గాలి ఆడదు.

మా అనుభవం చెబుతాను. ఒక ఏడాది రెండో వాయిదా ఆలస్యమైనప్పుడు, చేతిలో మిగిలిన కాస్త డబ్బుతో ఏం చేయాలా అని కూర్చుని, అప్పటికే ఆర్డరు పెట్టిన పరీక్ష కిట్లు గడువు తీరిపోతాయన్న భయంతో వాటికి చెల్లించాము. క్షేత్రంలో పనిచేసే నర్సుకు మాత్రం కాంట్రాక్టు పొడిగించలేకపోయాము. నాలుగు నెలల తర్వాత డబ్బు వచ్చింది. ఆమె ఈలోగా మరో ఊళ్లో ఉద్యోగంలో చేరిపోయింది. చేరేముందు తన నోట్‌బుక్ ఇచ్చి వెళ్లింది, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాము. నీలం అట్ట, రెండు వందల పేజీలది. మా కంప్యూటర్‌లో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. ఆమె పుస్తకంలో ఆ సంఖ్యల పక్కన పెన్సిల్‌తో రాసుకున్నవి వేరు. ‘నైట్ డ్యూటీ దిగాక అడగకూడదు.’ ‘ఎడమ చేతికి నరం దొరకదు, కుడిచేయి చూడాలి.’ ‘ఇంటికి ఫోన్ చేయవద్దు, మామగారు ఎత్తుతారు.’ ‘పరగడుపున రావాలేమోనని రావడం లేదు, టిఫిన్ చేసి రమ్మని చెప్పాను.’ ఈ నాలుగు ముక్కలూ ఏ డేటాబేస్‌లోనూ లేవు. కొత్తగా చేరిన అమ్మాయి పాపం అదే ఫోన్ నంబర్లకు ఫోన్లు చేసింది. వచ్చినవారు తగ్గిపోయారు. కిట్లు మాత్రం చల్లగా ఫ్రిజ్‌లో ఉన్నాయి.

అందుకే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. డబ్బు తగ్గినప్పుడు ముందుగా కోయవలసింది పరీక్షల ఖర్చు. ఆఖరున మాత్రమే, మరో దారి లేనప్పుడు మాత్రమే, మనుషులను కలుసుకునే మనిషిని. మన అలవాటు దీనికి తలకిందులుగా ఉన్నది, ఎందుకంటే పరీక్ష ఫలితం నివేదికలో కనిపిస్తుంది, క్షేత్ర నర్సు జీతం ఖర్చుగానే కనిపిస్తుంది. తీసిన రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, అంటే సీరంను, వేరుచేసి, చిన్న వయల్స్‌లో పోసి, బార్‌కోడ్ అంటించి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే, యాంటీబాడీల పరీక్ష రెండేళ్ల తర్వాత డబ్బు వచ్చినప్పుడు చేసుకోవచ్చు. పైగా అన్ని సంవత్సరాల నమూనాలనూ ఒకే బ్యాచ్ కిట్‌తో చేసుకుంటే పోలిక ఇంకా శుభ్రంగా ఉంటుంది. ఈ జూన్‌లో తీయకుండా పోయిన రక్తాన్ని మాత్రం వచ్చే జూన్‌లో ఎంత గ్రాంటు తెచ్చినా తీయలేము.

ఆ పోయిన నెల ఎంత నష్టమో కోవిడ్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ వచ్చిపోయిందా అని చూడటానికి మేము వెతికే న్యూక్లియోక్యాప్సిడ్ యాంటీబాడీ, అంటే వైరస్ లోపలి ప్రొటీన్ మీద పుట్టేది, కొందరిలో నెలల్లోనే తగ్గిపోయి కనబడకుండా పోతుంది. ఖాళీ నెలల్లో సోకి, ఆ ఆనవాలు కూడా చెరిగిపోయిన మనిషి మా లెక్కలో ఎన్నడూ సోకనివాడిగా నమోదవుతాడు. మన దేశంలో ఇంకో చిక్కు ఉన్నది. కోవిషీల్డ్‌లో ఆ ప్రొటీన్ లేదు కనుక, దాన్ని వేసుకున్నవారిలో ఆ యాంటీబాడీ కనిపిస్తే వైరస్ సోకిందని అర్థం. కోవాక్సిన్ మొత్తం వైరస్‌ను నిర్వీర్యం చేసి తయారుచేసిన టీకా కనుక దాన్ని వేసుకున్నవారిలో టీకా వల్ల కూడా అది కనిపించవచ్చు. ఎవరు ఏ టీకా ఎప్పుడు వేసుకున్నారో ఆ నెలలోనే అడిగి రాసుకోకపోతే, తర్వాత జ్ఞాపకం మీద రాబట్టడం దాదాపు అసాధ్యం. అడగడానికి కిట్ అక్కరలేదు, మనిషి కావాలి.

ఈ సూత్రం అన్నిటికీ పనికిరాదని కూడా ఒప్పుకోవాలి. నిద్రాణ క్షయను పట్టే ఇగ్రా అనే రక్తపరీక్షకు బతికి ఉన్న రక్తకణాలు కావాలి; సీరం దాచిపెట్టి లాభం లేదు. తీసిన రక్తాన్ని ఆ రోజే ట్యూబుల్లో ఇంక్యుబేటర్‌లో పెట్టవలసిందే. అయితే ఆ తర్వాత పైకి తేలిన ప్లాస్మాను వేరుచేసి గడ్డకట్టించి పెట్టుకుంటే, చివరి దశ అయిన ఎలైసాను, అంటే కణాలు విడుదల చేసిన పదార్థాన్ని కొలిచే పరీక్షను, వాయిదా వేసుకోవచ్చు. ట్యూబుల ఖర్చు తప్పదు, మిగతాది ఆగుతుంది. అది కూడా భరించలేనప్పుడు మేము మనసు గట్టి చేసుకొని అందరికీ చేయడం మానేసి, నిరుడు నెగటివ్ వచ్చినవారికి మాత్రమే చేశాము. నిపుణులలో కొందరికి ఇది నచ్చలేదు. వారి అభ్యంతరంలో న్యాయం ఉన్నది, ఎందుకంటే ఈ పరీక్షలో పాజిటివ్, నెగటివ్‌లను విడదీసే గీటు దగ్గర ఉన్నవారు ఏమీ జరగకుండానే పాజిటివ్ నుంచి నెగటివ్‌కు తిరిగి వస్తుంటారు, అది మాకు కనబడకుండా పోయింది. ఉన్నంతలో అంతకన్నా మంచి దారి నాకు తోచలేదు, ఇప్పటికీ తోచడం లేదు.

దాచిపెట్టమని చెప్పడం తేలిక, దాచడం తేలిక కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చిన రాత్రి మీలో చాలామందికి గుర్తుంటుంది. మా ఫ్రీజర్ కింది అంతస్తులో ఉండేది. జనరేటర్‌కు డీజిల్ తెచ్చే దారి మునిగిపోయింది, డ్రై ఐస్ ఇచ్చేవాడి ఫోన్ మూగబోయింది. మా టెక్నీషియన్ తలుపు తెరవకుండా బయటి తెర మీద అంకె చూస్తూ, అరగంటకోసారి ఒక పాత డ్యూటీ చార్టు వెనకవైపు రాస్తూ కూర్చున్నాడు. మైనస్ 79, 76, 71, 66. తెల్లవారుజామున నీళ్లు గడప దాకా వచ్చాక, ర్యాకులు థర్మోకోల్ పెట్టెల్లోకి మార్చి, టార్చి వెలుగులో మెట్ల మీదుగా రెండో అంతస్తుకు ఎక్కించారు. ఆ చార్టు ముక్కను నేను ఫైలులో ఉంచాను, ఎందుకంటే ఏ నమూనాలు ఏ ఉష్ణోగ్రత దాకా వెళ్లాయో రేపు పరీక్ష చేసేవారికి తెలియాలి. మరుసటి నెల బడ్జెట్ సమావేశంలో రెండో ఫ్రీజర్ అడిగితే, ఉన్నది పాడవలేదు కదా అన్నారు.

మనుషులు చేజారిపోయే లెక్క కూడా చూడండి. వెయ్యి మందితో మొదలుపెట్టి ఏటా పది శాతం మందిని పోగొట్టుకుంటే, ఐదో ఏడు చివరికి మిగిలేది 590 మంది. పోయినవారు ఉన్నవారిలాంటివారే అయితే అంకెలు చిన్నవవుతాయి, అంతే. కాని అలా జరగదు. మిగిలేది పర్మనెంటు ఉద్యోగులు. పోయేది కాంట్రాక్టు నర్సులు, ల్యాబ్ అటెండర్లు, అందరికన్నా ముందుగా పారిశుద్ధ్య కార్మికులు. వాడేసిన సూదుల బుట్టను ఖాళీ చేసేది వారు. హెపటైటిస్ బి టీకా పడని మనిషికి, ఆ వైరస్ తీవ్రంగా ఉన్న రోగి సూది గుచ్చుకుంటే సోకే అవకాశం నూటికి ముప్పై దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి అది వెయ్యికి మూడు. అంత ప్రమాదంలో ఉన్నవారు జారిపోయిన అధ్యయనం, ఆసుపత్రి భద్రంగానే ఉన్నదని చెబుతుంది.

ఈ నగరంలో పారిశుద్ధ్య పనిలో ఉన్నవారిలో ఎందరో తెలుగు మాట్లాడేవారని మీకు నేను చెప్పనక్కరలేదు. తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చినవారు. మా అంగీకార పత్రాలు తమిళంలో, ఇంగ్లీషులో ఉండేవి. ఒక పెద్దావిడ వేలిముద్ర వేయబోతూ ఆగి, ‘ఏమ్మా, ఇందులో ఏముందో మన మాటల్లో చెప్పు’ అన్నది. చెప్పాను. అంతా విని, ‘కాంట్రాక్టరు మారితే నేను ఇక్కడ ఉండను, అప్పుడు నా రక్తం ఏం చేస్తారు?’ అని అడిగింది. అధ్యయనాలకు అనుమతి ఇచ్చే నైతిక సమితి కూడా మమ్మల్ని అంత సూటిగా అడగలేదు. ఆ తర్వాతే తెలుగు పత్రం తయారుచేశాము. అధ్యయనం మధ్యలో ఆగితే నమూనాలు ఎన్నేళ్లు ఉంచుతామో, ఎవరి అనుమతితో నాశనం చేస్తామో అందులో రాశాము. డబ్బు సందిగ్ధంలో ఉన్న సంగతి కూడా పాల్గొనేవారికి చెప్పడం మొదలుపెట్టాము. చెబితే పారిపోతారని మా పెద్దలు భయపడ్డారు. ఎవరూ పారిపోలేదు, జీతాలు ఆలస్యం కావడమంటే ఏమిటో వారికి మనకన్నా బాగా తెలుసు.

ఖర్చు తగ్గించే మార్గాలలో ఒకటి మాత్రం చెప్పి ముగిస్తాను. ఆసుపత్రులు ఎలాగూ సిబ్బందికి ఏటా ఆరోగ్య పరీక్షలు చేస్తాయి, సూది గుచ్చుకున్న సంఘటనలు రిజిస్టరులో రాస్తాయి. ఆ రోజున అదే సూదితో అదనంగా ఒక ట్యూబు తీసుకుంటే, మాకు వేరే క్యాంపు ఖర్చు ఉండదు. గత ఏడాదిగా అలాగే నడుపుతున్నాము. ఇందులో ప్రమాదమూ ఉన్నది. యాజమాన్యం చేసే పరీక్ష, మేము చేసే అధ్యయనం ఒకటేనని సిబ్బంది అనుకుంటే కాదనలేక చేయి చాపుతారు, ఫలితం పైవారికి తెలుస్తుందేమోనని భయపడతారు. అందుకే మా బల్ల వేరుగా, గది రెండో మూల వేస్తాము. మా ట్యూబు మీద పేరు ఉండదు, సంఖ్యే ఉంటుంది. వద్దన్నవారిని ఎందుకు వద్దని అడగము.

మళ్లీ ఆ బల్ల వేసేది ఈ సోమవారం ఉదయం ఆరున్నరకు, రాత్రి డ్యూటీవారు దిగే వేళకు. నీలం అట్ట పుస్తకం ఇప్పుడు కొత్త అమ్మాయి దగ్గర ఉన్నది, ఆమె కూడా పెన్సిల్‌తోనే రాస్తున్నది. ఆమె కాంట్రాక్టు ఈ నెలాఖరు వరకు ఉన్నది. పొడిగింపు కాగితం ఆర్థిక అధికారి బల్ల మీద ఉన్నది. మీలో ఎవరైనా ఆ షిఫ్టులో ఉంటే, దయచేసి టిఫిన్ చేసే రండి. ఈ పరీక్షకు పరగడుపు అక్కరలేదు.